పొరపాటుకూ దొంగతనానికీ నడుమ నిలిచిన సుభద్రమ్మ గారు

మంగళవారం ఉదయం బళ్ళారి కోర్టు మెట్లెక్కుతుండగా ఫోను మోగింది. బ్రూస్‌పేటలో సుభద్రమ్మ గారి పక్కింటి రజియా గారు. “అమ్మా, మేడం లేస్తా లేరు. డాక్టరొచ్చి చూసినాడు. అయిపోయిందంటాండాడు” అన్నారు. అంతకుముందు సాయంత్రమే మా వాయిదాల గురించి నన్ను గట్టిగా మందలించింది సుభద్రమ్మ గారు. ఆ గొంతు మళ్ళీ వినబడదన్న సంగతిని నా మనస్సు చాలాసేపు అంగీకరించలేదు. ఆ మెట్లమీదే కూర్చున్నాను. అటుగా పోతున్న కోర్టు జవాను ఒకాయన కారణం విని, టోపీ తీసి చేతిలో పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

న్యాయవాదిగా సుభద్రమ్మ గారిని ఈ జిల్లాలో ఎరగనివారు అరుదు. మనిషి పొట్టి, స్వరం మాత్రం గంభీరం. స్కూటరు నడపడం ఆమెకు జీవితాంతం సరిగా రాలేదు, మానుకోనూ లేదు. కోపం ముక్కుమీదే ఉండేది. జూనియర్లను ఏడిపించిన రోజు సాయంత్రం బొరుగుల ఒగ్గరాణి, మిరపకాయ బజ్జీలు తెప్పించి పొట్లం మా ముందుకు తోసేవారు. క్షమాపణ అనే మాట ఆమె నోట రాదు, ఆ పొట్లమే క్షమాపణ. ఆమె పూర్వులు కోస్తా నుంచి వచ్చి, కంప్లి దగ్గర కాలువ కింద వరి పండించి స్థిరపడ్డ రైతులు. సంపన్న కుటుంబం. నేను ఆ పొలాల్లో నాట్లు వేసిన కూలిమనిషి కూతుర్ని. మా ఇద్దరినీ కలిపింది ఒక దొంగతనం.

మాది బండ్రి. వానలు లేని ఏళ్ళలో మా వీధి వీధంతా నాట్లకని కంప్లి వైపు వలస పోయేది. నేను పియుసి పరీక్షలు రాసిన ఏడాది మా అమ్మ హులిగెమ్మతో నేనూ వెళ్ళాను. సుభద్రమ్మ గారి అన్నగారు రాఘవయ్య గారి ఇంట్లో ఆయన కూతురి సీమంతం. బియ్యంలో రాళ్ళేరడానికి అమ్మను పెరటి వసారాలోకి పిలిచారు. ఆ పూటే ఇంటి యజమానురాలి బంగారు గొలుసు కనబడలేదు. ఎవరినీ ఏమీ అడగకుండానే రాఘవయ్య గారు ఫిర్యాదిచ్చి, అమ్మను కూలీల గుడిసెల ముందు అందరూ చూస్తుండగా పోలీసు జీపెక్కించారు. నేను జీపు వెనక ఠాణా దాకా పరుగెత్తాను.

అమ్మ వరండాలో నేలమీద కూర్చుని ఉంది. సీమంతానికి వచ్చిన సుభద్రమ్మ గారు సంగతి తెలిసి స్కూటరుపై వచ్చారు. ఫిర్యాది చెల్లెలు గనుక ఎస్సై లేచి కుర్చీ వేయించాడు.

“ఈమెకు కుర్చీ యాడప్పా?” అన్నారామె, అమ్మను చూపించి.

“ఏంది మేడం, మీ ఇంటి సొత్తే గదా పోయింది! వీళ్ళ కసుబే దొంగతనం. ఊరికే అడిగితే నోరు తెరవరు.”

“నేను మా ఇంటి తరపున రాలా. ఈమె తరపున వచ్చినా. పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఊరంత మంది తిరిగినారు. ఎంతమందిని అడిగినారు?”

“పెద్దమనుషుల్ని ఎట్లడిగేది మేడం?”

“అడగడానికి జంకే ఇల్లొకటి, అడక్కుండానే పట్టుకొచ్చే ఇల్లొకటి. ఇది ఏ చట్టంలో రాసినారో చూపించు, నేనూ చదువుకుంటా.”

ఆమె పుట్టింటికి తిరిగి వెళ్ళి, నడి హాల్లో మొదట తన సంచినే అందరి ముందూ బోర్లించారట. “ఇప్పుడు మిగిలినవాళ్ళవి” అనేసరికి కొత్తల్లుడి ముఖం పాలిపోయింది. గదిలోకి పిలిచి అడిగితే ఒప్పుకున్నాడు. క్రికెట్ పందేల్లో ఇరుక్కుని, గొలుసు తీసి స్నేహితుడి చేత తాకట్టుకు పంపాడు; తాకట్టు చీటీ అతని సంచిలోనే ఉంది. ఆ తరువాత అన్నాచెల్లెళ్ళ మధ్య జరిగిన సంభాషణను ఆమే నాకు ఒకసారి చెప్పారు.

“చెల్లాయ్, ఏదో కుర్రతనం, పొరపాటు జరిగింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, ఆవిణ్ణి వదిలేస్తారు. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండనీ.”

“అదే పని హులిగెమ్మ చేసుంటే దొంగతనం. మన అల్లుడు చేస్తే పొరపాటా అన్నయ్యా? పేర్లు పెట్టే అధికారం మనకెవరిచ్చారు? అతణ్ణి జైల్లో పెట్టమని నేననను. ఆమెను అందరి ముందూ జీపెక్కించావు. ఆ మాట అందరి ముందే వెనక్కి తీసుకో.”

సాయంత్రం, అమ్మను ఠాణా నుంచి వదిలేశాక, రాఘవయ్య గారు మా గుడిసెల దగ్గరకు వచ్చారు. “గొలుసు దొరికింది. హులిగెమ్మ తీయలేదు” అని వెనుదిరగబోయారు.

“ఎవరు తీసిందీ కూడా చెప్పు అన్నయ్యా” అన్నారు సుభద్రమ్మ గారు.

ఆయన తల వంచుకున్నారు. “మా ఇంటివాళ్ళే తీశారు” అన్నారు.

అమ్మ నా వైపు చూసి, “పోనీలే అయ్యా. నా బిడ్డ ఇన్నాది, సాలు” అంది.

ఆ రోజుతో సుభద్రమ్మ గారికి పుట్టింటి తలుపు మూసుకుపోయింది. పెళ్ళిళ్ళకు గాని, పురుళ్ళకు గాని పిలుపు లేదు. ఎవరైనా కదిపితే “పండగ వంటలు తప్పినాయి, ఒళ్ళు తగ్గింది” అని నవ్వేసేవారు. కాని ఆడపడుచులను పుట్టింటికి పిలిచే శ్రావణమాసంలో ఆమె పొద్దుపోయేదాకా ఆఫీసులోనే ఉండిపోవడం నేను గమనించేదాన్ని.

నన్ను లా చదివించింది ఆవిడే. జూనియరుగా చేరిన కొత్తల్లో నాకు ఒక కేసు అప్పగించారు. పొలంలో మోటారు కేబులు కోసి అమ్ముకున్న కూలివాడు. ఆకలే అతనిచేత ఆ పని చేయించిందనీ, ఆకలి ఉన్నచోట నేరం తప్పదనీ ఆవేశంగా వాదన రాసి చూపించాను. చదివి బల్లమీద పడేశారు.

“కేబులు తీసినాడా, లేదా?”

“తీసినాడు మేడం.”

“అతని వీధిలో అందరికీ ఆకలుండాది గదా. అందరూ తీసినారా? ఆకలున్నోడు దొంగవుతాడని నువ్వే రాస్తే, మీ అమ్మను జీపెక్కించిన ఎస్సై కూడా అదే అన్నాడు గదా!”

ఆమె అప్పుడన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: “పేదరికం నేరానికి సాక్ష్యం కాదు. నిర్దోషి అని ఇచ్చే పట్టా కూడా కాదు. తప్పుకు తప్పంత శిక్ష. పుట్టుకకు శిక్ష వద్దు. మనం అడిగేది అంతే.”

మర్నాడు నేరం ఒప్పుకుంటూనే ఆమె వాదించారు. జామీనుకు పొలం పత్రాలున్న మనిషి దొరకక అతను జైల్లోనే మగ్గుతున్నాడు. అదే కోర్టులో, అనుమతి లేకుండా ఖనిజం తోలించిన కామందు ఒకడు జామీను దొరికి మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరాడు. ఆ తేడాను ఆమె పరుషపదం ఒక్కటీ లేకుండా జడ్జిగారి ముందుంచారు. కూలివాడు సొంత పూచీకత్తుమీద విడుదలయ్యాడు. బయటికొచ్చి కాళ్ళమీద పడబోతే, “లెయ్యప్పా! పోయి ఆ రైతుకు మొగం చూపించి తప్పయిందని చెప్పు. నేను ఎట్లా తప్పించుకునేదో నేర్పలా” అని కసిరారు. అతను వెళ్ళి చెప్పాడు.

అంత్యక్రియలకు బ్రూస్‌పేట సందు పట్టనంత జనం వచ్చారు. ఆమె గెలిపించినవారు, ఓడించినవారు, ఆమె ప్రశ్నలకు చెమటలు కక్కిన పోలీసులు అందులో ఉన్నారు. వృద్ధుడైన రాఘవయ్య గారు కూడా కర్ర ఊతంతో వచ్చి, చెల్లెలి పాదాల దగ్గర కూర్చున్నారు. “పిలవాల్సింది... పిలవలేకపోయాను” అని తనలో తాను అనుకుంటూనే ఉన్నారు.

బండ్రి నుంచి వచ్చిన అమ్మ సుభద్రమ్మ గారి ముఖాన్ని చాలాసేపు చూసింది. తరువాత నా చెయ్యి పట్టుకుని, “ఇంక మనల్ని ఎవురన్నా ఏమన్నా అంటే, ఎవుర్ని పిలవాల పాపా?” అంది.

నల్లకోటు వేసుకున్న కూతురి చెయ్యి పట్టుకునే అమ్మ ఆ మాట అడిగింది. నాకు చిన్నతనం అనిపించలేదు. నేను వాదించగలను. సొంత ఇంటికి ఎదురు నిలిచి, ఆ ఇంటిని పోగొట్టుకుని, మరొకరి పరువు నిలబెట్టగలనా? తెలియదు. అటువంటి మనిషి నీడలో ఇన్నాళ్ళు బతికినందుకు, మా వీధి తల ఎత్తుకుని తిరుగుతున్నందుకు, సుభద్రమ్మ గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. అమ్మ ప్రశ్నకు మాత్రం నేను ఇంకా జవాబు చెప్పలేదు.