రెండు కాళ్లకు రెండు కొలతలు

2009 వేసవిలో ఒక సోమవారం పొద్దున, ఫరీదా తన దుకాణం సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన కొత్త వెర్షన్ ఎక్కించింది. దుకాణమంటే రాయదుర్గం బజారులో షట్టరు ఎత్తేది కాదు, ఇంటర్నెట్‌లోది. ఊళ్లో కుట్టిన జీన్స్ ప్యాంట్లన్నీ లారీలెక్కి పోయి ఎవరెవరి పేర్లతోనో అమ్ముడవుతుంటే చూడలేక రెండేళ్ల కిందట పెట్టింది. అనంతపురంలో చదివిన కంప్యూటర్ డిప్లొమా ఆమెది, కత్తెర ఆమె భర్త అతావుల్లాది. కొలతలు రాసి పంపితే వాటి ప్రకారమే కుట్టి పార్సిల్ చేస్తారు.

రోజుకు నాలుగైదు ఆర్డర్లు వచ్చేవి. మంగళవారం ఒక్కటీ రాలేదు. బుధవారమూ అంతే.

"ఈ ఎండలకు జీన్స్ ఎవురు తొడుగుతారు లే," అన్నాడు అతావుల్లా. అన్నాడే గానీ, మిషన్ మీద కప్పిన గుడ్డను మళ్లీ తీశాడు.

గురువారం కడప నుంచి విష్ణువర్ధన్ అనే లెక్చరర్ ఫోన్ చేశాడు.

"ఏమ్మా, రెండు దినాలుగా మీ సైట్‌లో ప్యాంటు కొనాలని సూస్తాండాను. కొలతలన్నీ రాసి ఆర్డర్ నొక్కితే ఉత్త తెల్ల పేజీ వస్తాది. అంగడి మూసేసినారా?"

ఫరీదాకు తల కొట్టేసినట్లయింది. బొమ్మలు సరిగ్గా ఉన్నాయా, ధరలు కనిపిస్తున్నాయా అని రోజూ చూసింది. కొనేవాళ్లలా ఒక్కసారైనా కొని చూడలేదు.

"మూయలేదు సార్. తప్పు నాదే. కొలతలు ఫోన్‌లోనే చెప్పండి, రాసుకుంటాను."

నడుము ముప్పై నాలుగన్నాడు. తర్వాత పొడవు దగ్గరికి వచ్చాడు. "చిన్నప్పుడు పోలియో వచ్చిండెమ్మా. ఎడమకాలు రెండించులు పొట్టి. మీ ఫారంలో పొడవుకు ఒకే గడి ఉండాది. కుడికాలిదే రాసుకో. ఎడమది నేను ఈడ మడిచి కుట్టించుకుంటాలే, ఎప్పుడూ ఉండేదే."

"మడిచే పనిలేదు సార్. రెండు కాళ్లదీ చెప్పండి. తొడ చుట్టుకొలత కూడా వేరువేరుగా."

ఆమె రాసిన కాగితాన్ని అతావుల్లా బల్ల మీద పెట్టుకున్నాడు. తర్వాత ఎడమకాలి గుడ్డను విడిగా పరిచి, తొడ దగ్గర సన్నం చేసి కత్తిరించాడు. మోకాలి దగ్గర రంగు తగ్గించి తెల్లగా అరగదీసే చోటును కూడా ఏ కాలికి తగ్గట్టు ఆ కాలికి గీసుకున్నాడు.

ఫరీదా కంప్యూటర్ ముందు కూర్చుంది. కరెంటు రెండుసార్లు పోయింది. అదే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే చోట తన కష్టం రాసి పెడితే, మరునాడు ముక్కూ ముఖం తెలియని మనిషెవరో ఏ ఫైలు చూడాలో చెప్పాడు. కొలతల ఫారం ఆమె సొంతంగా కలిపింది. అది పాత పేరుతో పంపుతున్న కొలతలను కొత్త వెర్షన్ గుర్తుపట్టడం లేదు, అంతే. మార్చాల్సింది ఒక్క మాట. ఆ చేత్తోనే పొడవు గడిని రెండు చేసింది: కుడి, ఎడమ. తర్వాత బజారులోని నెట్ సెంటరుకు నడిచిపోయి, తన దుకాణంలో తానే ఒక ప్యాంటు కొనింది. 'మీ ఆర్డర్ అందింది' అన్న మాట తెర మీద కనిపించాకే లేచింది.

పదిరోజులకు విష్ణువర్ధన్ మళ్లీ ఫోన్ చేశాడు. "కాలేజీలో అందరూ నా కాలు సూసేవాళ్లమ్మా. ఈపొద్దు ప్యాంటు యాడ కొంటివి అని అడిగినారు."

ఆ మాట అతావుల్లాకు చెప్పింది. అతను సాయంత్రం దాకా మిషన్ ఆపకుండా కుట్టాడు.

సంవత్సరం తిరిగేసరికి రెండు గడుల్లో వేరువేరు అంకెలు రాసినవాళ్లు పదకొండుమంది అయ్యారు. మళ్లీ కొత్త వెర్షన్ వచ్చింది. ఈసారి ఫరీదా దుకాణానికి ఒక నకలు తీసి, ముందు దాని మీద ఎక్కించింది. అందులో ఒక ప్యాంటు కొని చూస్తే, చివరి మెట్టు దగ్గర మళ్లీ తెల్ల పేజీ.

"అంగడి ఆగిపోయెనా?" అన్నాడు అతావుల్లా, భుజం మీంచి తొంగిచూసి.

"లేదు. ఇది నకలు. అసలుది నడుస్తాండాది. పొద్దున్నే హుబ్లీ నుంచి ఒక ఆర్డర్ వచ్చె, సూడు."

అతను ఆ కొలతల కాగితం తీసుకుని బల్ల దగ్గరికి పోయాడు. ఆమె నకలులోని ఫారం ఫైలు తెరిచింది.