నోరు తడిపే నీళ్ళు

మాది పుంగనూరు దగ్గర పల్లె. టమాటా కోతరోజున కూలీలకు నీళ్ళ క్యాను మోసేది నేనే. "మా తోట్లో బోరుండాది, నీళ్ళకు కరువు లేదబ్బా!" అని మా ఆయన గొప్ప. మగవాళ్ళు గటగటా తాగి, మదనపల్లె మార్కెట్టుకు పోయే ఆటో చాటుకు వెళ్ళొచ్చేవారు. ఆడవాళ్ళు ఒక్క గుక్క పుక్కిలించి ఉమ్మేసేవారు.

"తాగక్కా" అంటే, "నోరు తడిస్తే సాల్లేమ్మా" అనేది వాళ్ళలో పెద్దామె. నా పెళ్ళయినప్పటి నుంచీ మా తోటకే వస్తోంది.

"ఆడోళ్ళకు ఓర్పు జాస్తి" అని మా ఆయన మెచ్చుకునేవాడు. నాకు తెలుసు, అది ఓర్పు కాదు. ఇదివరకు గట్టు పొడుగునా కంపచెట్లు ఉండేవి, అదే వాళ్ళ మరుగు. వానలు తప్పి అవి ఎండిపోతే కొట్టించి అక్కడా టమాటా నాటాం. మా పెరట్లో బాత్రూం ఉంది. కానీ కోతరోజున దానికి తాళం వేయడం మా అత్త కాలం నుంచీ అలవాటు, పదిమంది తొక్కితే పాడవుతుందని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా సంగతి. తాళంచెవి నా బొడ్లో ఉండేది.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందనేవారు. ఈ ఏడు అంతకు ముందే ఎండ మాడ్చేసింది. పెద్దామె సాళ్ళ మధ్య కూలబడింది. పిలిస్తే పలకలేదు. టమాటాలు దింపేసి అదే ఆటోలో పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

"నీళ్ళు తాగకుండా ఎండలో ఎలా పెట్టారమ్మా? ఇంకాస్త ఉంటే ప్రాణం పోయేది" అని డాక్టరు కసిరాడు.

"క్యాను నిండా పెట్టుండాము సార్, తాగకుంటే మేమేం సేసేది?" అన్నాడు మా ఆయన. ఆమె ఎందుకు తాగలేదో నాకు తెలుసు. మగవాళ్ళ ముందు ఆ మాట ఎలా అనేదని సిగ్గు.

సాయంత్రానికి సెలైన్ అయిపోయి ఆమె లేచి కూర్చుంది. "ఈడ బాత్రూం యాడుండాదమ్మా?" అని అడిగింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. తిరిగొచ్చి, దించకుండా బాటిలు నీళ్ళు తాగేసి, "ఇంగోటి తేప్పా" అంది మా ఆయనతో.

బాటిలు తెచ్చిచ్చి, "తోట్లో తాగనిది ఈడ యాల తాగుతాండాది?" అని నా దగ్గర గొణిగాడు.

"ఈడ తాళం లేదు" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. నేను పెద్దామె ముఖంలోకి చూడలేకపోయాను. తాళంచెవి అప్పుడూ నా బొడ్లోనే ఉంది.