ఒకటితో ఆగిపోయిన ఓట్లు

2024 సెప్టెంబరు. సిడ్నీ పడమటి వైపున్న ఒక పెద్ద నగరానికి మేయర్ ఎన్నిక. లెక్కింపు ఒక ఇండోర్ బాస్కెట్‌బాల్ కోర్టులో. నేనక్కడ కౌంటింగ్ సూపర్‌వైజర్‌ని. మామూలు రోజుల్లో పారమట్టాలో ఇన్సూరెన్స్ ఉద్యోగం చేసుకుంటాను. ఎన్నికలొస్తే మాత్రం సెలవు పెట్టి మరీ ఈ తాత్కాలిక పనికి పరిగెత్తుతాను. పన్నెండేళ్ళుగా ఇదే పిచ్చి. మా ఆయన నవ్వినా మానలేదు.

ఇక్కడ ఒక గుర్తు మీద ముద్ర వేసి వచ్చేస్తే సరిపోదు. అభ్యర్థుల పేర్ల పక్కన మన ఇష్టం ప్రకారం 1, 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోవాలి. ఎవరికీ సగానికి మించి రాకపోతే అందరికన్నా వెనకబడిన వాళ్ళను తప్పించి, వాళ్ళ కాగితాల మీద 2 ఎవరికుందో చూసి వారికి పంచుతాం. మళ్ళీ పోలింగ్ లేకుండానే రెండో విడత అలా జరిగిపోతుంది. మేయర్ కాగితం మీద ఒక్క 1 వేసి వదిలేసినా ఓటు చెల్లుతుంది. కాకపోతే ఆ మనిషి పోటీలోంచి తప్పుకుంటే ఆ కాగితానికి ఇక వెళ్ళే చోటు ఉండదు. దాన్ని ఎగ్జాస్టెడ్ ఓటు అంటాం.

ఆ ఏడాది పోటీలో ముగ్గురు. మన తెలుగు అకౌంటెంట్ శ్రీకాంత్, పాత కౌన్సిలర్ హెలెన్, వ్యాపారి బ్రెట్. మా పక్కింటి భారతి ఆంటీ శ్రీకాంత్ కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఆవిడ రిటైరైన డాక్టరు. భర్త ప్రసాద్ అంకుల్ ఒకప్పుడు వంతెనలు కట్టించిన ఇంజనీరు, ఇప్పుడు తన ఇంటి నంబరు కూడా గుర్తుండదు. వారానికి మూడు రోజులు, ఇలాంటి పెద్దవాళ్ళను పగటిపూట చూసుకోడానికి కౌన్సిల్ నడిపే డే సెంటర్‌లో గడుపుతారు. ఆ మూడు రోజులే ఆంటీకి ఊపిరి. ఆ సెంటర్ భవనం అమ్మేస్తానని బ్రెట్, ఉంచుతామని మిగతా ఇద్దరూ చెప్పారు.

పోలింగ్‌కు ముందు ఆదివారం పార్కులో తెలుగువాళ్ళమంతా బార్బెక్యూ పెట్టుకున్నాం. ఆంటీ పేపర్ ప్లేటు పట్టుకునే అందరికీ పాఠం చెప్పింది.

"శ్రీకాంత్‌కి వన్ వెయ్యండి, అక్కడితో ఆపెయ్యండి. టూ, త్రీ అని కెలకొద్దు. ఇంకోళ్ళకి కూడా రాస్తే మనవాడి ఓటు వీకైపోద్ది."

అది తప్పు. 1 వేసిన మనిషి పోటీలో ఉన్నంతసేపు 2 వైపు మేం కన్నెత్తి చూడం. కానీ మనూళ్ళో రెండు గుర్తుల మీద ముద్ర పడితే ఓటు చెల్లదు కదా, ఆ భయం విమానమెక్కి మనతోపాటే వచ్చింది. నేను ఆవిడ పక్కనే కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటూ విన్నాను. ఏ పక్షం వైపూ ఉండనని సంతకం పెట్టి వచ్చినదాన్ని, మనకెందుకులే అనుకున్నాను.

లెక్కింపు రోజు ఆంటీ స్క్రూటినీర్‌గా వచ్చింది. అంటే అభ్యర్థి తరఫున నిలబడి చూసే మనిషి. చూడొచ్చు, కాగితం ముట్టుకోకూడదు. మొదటి లెక్కలో బ్రెట్ కాస్త ముందు, వెనకే హెలెన్, మూడో స్థానంలో శ్రీకాంత్. అతన్ని తప్పించి అతని కట్టలు విప్పాం. కాగితం మీద కాగితం, అంతా శుభ్రంగా, గుండ్రంగా రాసిన ఒక్క 1. ఎగ్జాస్టెడ్ పెట్టె నిండుతోంది.

"ఇవన్నీ ఎటు పోతున్నాయమ్మా?" అంది ఆంటీ.

"ఎటూ పోవాంటీ. రెండో నంబర్ లేదు కదా, పక్కన పెట్టేస్తాం."

"హెలెన్‌కి వెళ్ళవా? మాకందరికీ హెలెన్ అయినా ఓకేనే!"

"కాగితం మీద రాసుంటేనే వెళ్తాయి."

ఆవిడ స్క్రూటినీర్లు దాటకూడదని గీసిన గీతకవతలే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పెట్టెలో పడే ప్రతి కాగితాన్నీ చూసింది. బ్రెట్ గెలిచాడు. అతనికొచ్చిన మెజారిటీ కంటే ఆ పెట్టెలో కాగితాలే ఎక్కువ.

కార్ పార్క్‌లో నాకోసం ఆగింది.

"ఈ రూలు నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసాంటీ."

"ఆ రోజు నా పక్కనే ఉన్నావ్."

"నేను ఎవరి తరఫునా మాట్లాడకూడదాంటీ, డిక్లరేషన్ ఇచ్చాను..."

"ఎవరికి వెయ్యాలో చెప్పమన్నానా నిన్ను? ఎలా వెయ్యాలో చెప్పొచ్చుగా! అందరికీ నా నోటితోనే చెప్పానే తల్లీ..." అని కారు డోర్ పట్టుకుని ఏడ్చేసింది. ఓటు వేసే పద్ధతి ఎవరికైనా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. మా ట్రైనింగ్‌లో మొదటి రోజే నేర్పిస్తారు. మాట పడాల్సి వస్తుందని నేనే భయపడి, దానికి రూలు అడ్డం పెట్టుకున్నాను. నాకు చాలా సిగ్గేసింది.

కొన్ని నెలలకు భవనం సంగతి కౌన్సిల్ ముందుకొచ్చింది. సభ్యులు చెరిసగం అయ్యారు. మేయర్ వేసిన ఓటుతో అమ్మకం ఖాయమైంది. డే సెంటర్ మూసేశారు.

ఇప్పుడు ఎన్నికలు దగ్గరపడితే, ఎవరు ఏ పార్టీవాళ్ళయినా సరే, గుడి మెట్ల దగ్గరైనా పిల్లల క్రికెట్ గ్రౌండ్‌లోనైనా నమూనా ఓటు కాగితం తీసి చూపిస్తాను. "అన్నిటికీ నంబర్లు వేయండి, మీ ఒకటో నంబరుకేమీ తగ్గదు," అని చెప్పి ఆపేస్తాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు.

అంకుల్‌కి చాలా దూరంలో ఉన్న ఇంకో సెంటర్‌లో వారానికి ఒక్క రోజే చోటు దొరికింది. గురువారం. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి నేనే తీసుకెళ్తాను. పాత సెంటర్ వీధి దాటిన ప్రతిసారీ ఆయన నా చెయ్యి తట్టి, ఎంతో మర్యాదగా అంటారు.

"అమ్మాయ్, టర్న్ మిస్సయ్యావమ్మా."

"అవునంకుల్," అంటాను, "మిస్సయ్యాను."