మాసిన చీరల కంచె

నిన్న చిలక్కొయ్యకు వేలాడుతున్న మనవరాలి చున్నీని ఉతుకుదామని తీసి, బకెట్ దాకా పోయి ఆగిపోయాను. అప్పటినుంచీ కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మా గూళూరు పక్క చెనిక్కాయ చేలల్లో, వేరుశనగ ఊరే వేళకు అడవిపందులు దిగేవి, వాటిని బెదిరించడానికి చేని చుట్టూ పాత చీరలు కట్టేవాళ్ళం. నేనైతే ప్రతి చీరనూ ఉతికి మరీ కట్టేదాన్ని. దారిన పోయేవాళ్ళ కంటబడే గుడ్డ మాసి ఉంటే ఇంటికే చిన్నతనం కదా.

డిగ్రీలో తప్పి, మళ్ళీ రాసి, అత్తెసరు మార్కులతో బయటపడిన నా కొడుకు కూతురు, చదవమంటే ఆ చేని గట్టున పంది అడుగులు చూస్తూ కూర్చునేది. ఉతికితే మనిషి వాసన పోయి పందులకు భయం పోతోందని దాని అనుమానం. నేను తిట్టినా వినకుండా ఒక పక్క నా మాసిన చీరలే కట్టింది. ఆ పక్క పందులు తగ్గాయి. నేను మెచ్చుకోలేదు గానీ, సబ్బు మిగిలిందని ఊరుకున్నాను.

తర్వాత బెంగళూరులో అడవి జంతువుల చదువుకు ఇంటర్వ్యూ వచ్చింది. ఈ సీటూ రాకపోతే చిక్కబళ్ళాపురంలో గార్మెంట్స్ పనికి పోవాల్సిందేనని నా కొడుకు తేల్చేశాడు. ఆ రోజు నేను ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను, ఏ బస్సు హారన్ వినబడినా వీధిలోకి వచ్చాను. పొద్దు వాలాక అది బస్సు దిగింది.

“ఏమడిగినారు?”

“మార్కులు ఎందుకిట్లుండాయని అడిగినారవ్వా. చదవలేదని చెప్పినా.”

“ఎవరన్నా అట్ల చెప్తారామ్మే?”

“మళ్ళ ఏం చేస్తాంటివనిరి. నీ చీరల కథ చెప్పినా.”

“అంతమంది పెద్దోళ్ళ ముందర నా మాసిన చీరలా?”

“దాన్నే శానాసేపు అడిగినారు.”

ఫలితం తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు, అది మాత్రం సుఖంగా నిద్రపోయింది. సీటు వచ్చిందని ఫోన్ రాగానే, ఈసారన్నా పుస్తకం తెరవమని కసిరి, లోపలికి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు చేలన్నిటి చుట్టూ కరెంటు తీగలు వచ్చాయి, పాత చీరల అవసరం ఎవరికీ లేదు. అది ఏ అడవిలోనో, ఫోన్ అందని చోట, ఏ జంతువు అడుగులు చూస్తోందో. చున్నీని మళ్ళీ కొయ్యకే తగిలించాను. ఉతికితే ఏం పోతుందో నాకు నేర్పింది అదే కదా.