డ్రైవరన్న బొటనవేలు

ఆ అంబులెన్స్ డ్రైవరన్న ఫోన్ తాకే ముందు ప్రతిసారీ బొటనవేలిని చొక్కాకు తుడుచుకునేవాడు. సూరారంలో ఉండే ఆయన వాడే యాప్ నేను రాసిందే. అదెలా నడుస్తోందో చూద్దామని ఒకరోజు మేడ్చల్‌లో ఆయన బండెక్కాను.

శామీర్‌పేట దగ్గర ఎవరినో లారీ గుద్దిందని కాల్ వచ్చింది. ఆయన బండి పక్కకు ఆపి, "వస్తున్నా" అనే బటన్ నొక్కాడు. యాప్‌లో చలనం లేదు. వేలు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. నాలుగోసారికి గానీ అది అందుకోలేదు. అదృష్టం, దెబ్బ తగిలిన మనిషి బతికాడు.

"నా వేలే మొద్దువారింది తమ్మీ. ఫోన్‌కు తెలుస్తలేదు," అన్నాడాయన.

ఆ రాత్రి నా కోడ్ తెరిచి చూశాను. బండి కదిలినప్పుడల్లా మ్యాపు మీది చుక్కొక్కటి మారితే చాలు. నేనేమో సెకనుకోసారి తెర మొత్తాన్నీ మళ్లీ గీయిస్తున్నాను. ఆయన పాత ఫోన్‌కు ఆ చాకిరీతోనే సరిపోతోంది, వేలిని పట్టించుకునే తీరికేదీ?

వారంలో సరిచేశాను. ఒక్క నొక్కుకే బటన్ పలికింది.

"తప్పు నాదన్నా, నీ వేలిది కాదు," అన్నాను.

ఆయన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి ఆర్నెల్ల సంది నరాల గోలీలు మింగుతున్న గద తమ్మీ!"