మూడు తీగల జడ

కాపలా మరమనుషుల్ని బాగుచేసే షెడ్డులో అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు. వయసులో పెద్దవాడైన మేస్త్రీకి కూడా అక్కే. నిజంగా అలా పిలవాల్సినవాడు మాత్రం ఆమె పక్క బల్ల ముందునుంచి లేచి వెళ్ళి, కొండల్లోని తిరుగుబాటుదారుల్లో కలిసిపోయాడు. తమ్ముడికి ఓడల్లో పని దొరికిందని ఆమె షెడ్డులో చెప్పుకుంది.

కొండదారిన కాపలాకు వెళ్ళిన మరమనుషులు తరచూ దెబ్బతిని తిరిగొచ్చేవి. తమ ముఖాలు బయటపడకుండా తిరుగుబాటుదారులు వాటి ఛాతీ తెరిచి, చూసిందంతా దాచుకునే పలకను లాగేసేవారు. చాలావాటి లోపల అంతా చిందరవందరగా ఉండేది. ఎప్పుడో ఒకదానిలో మాత్రం, పలకనుంచి ఊడిన మూడు తీగలూ సన్నని జడలా అల్లి పక్కకు దోపి ఉండేవి. వేలాడే తీగ దేనికి తగిలినా లోపలంతా కాలిపోతుందని తమ్ముడికి ఆ అల్లిక నేర్పింది ఆమే. పగవాడి ఛాతీ తెరిచినప్పుడు కూడా వాడి చేతి అలవాటు పోలేదు.

జడ కనబడిన రోజు ఆమెకు అన్నం సయించేది. వాడు బతికే ఉన్నాడు. ఆ కబురు ఆమెకు ఇంకే దారినా రాదు.

ఒకనాడు మేస్త్రీ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఇదేంటక్కా, అచ్చం నీ అల్లికే!"

"నేనే రోజూ కొండెక్కి అల్లొస్తున్నా. ఓవర్‌టైం రాయి."

మేస్త్రీ నవ్వలేదు. "ప్రతి ఛాతీకీ ఫొటో తియ్యమన్నారు. ఇక్కడ పనిచేసి మానేసినవాళ్ళని వెతుకుతారట. నీ తమ్ముడు ఓడలోనే ఉన్నాడుగా?"

"ఉండక ఎక్కడికి పోతాడు? ఫోన్ చెయ్యడానికే బద్ధకం వెధవకి."

"సరే. దీన్ని నేను చూళ్ళేదు. ఇంకోటొస్తే చూడక తప్పదు."

అతను వెళ్ళాక ఆమె ఆ జడ విప్పింది. అంత చిన్న పనికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత కొండవైపు వెళ్ళే ప్రతిదాని లోపలా ఆ మూడు తీగల్నీ పొట్టిగా కోసింది. పలకకు బిగిస్తే సరిగ్గా అందుతాయి, అంతే. అల్లడానికి వేలెడు కూడా మిగలదు. అలా కోసినందుకు ఒకప్పుడు తమ్ముడి నెత్తిన మొట్టికాయ వేసింది. అక్క పొరపాటున కూడా తీగ పొట్టిగా కోయదని వాడికి తెలుసు. చూస్తే ఇది హెచ్చరికని గ్రహించి, తన చేతి గుర్తు వదలడం ఆపేస్తాడు.

తర్వాత వచ్చినదాని ఛాతీ బండరాయితో మోదినట్టు సొట్టపోయి ఉంది.

"హమ్మయ్య, ఇదెవడో మోటువాడి పని," అంటూ మేస్త్రీ ఫొటో తీసుకున్నాడు.

ఆమె కూడా తల ఊపింది. ఆ తర్వాతవీ అలాగే వచ్చాయి. వాడికి అర్థమైందా? లేక ఇప్పుడు తెరుస్తున్న చేతులు వాడివి కావా? తనే కోరుకున్న ఆ సొట్టల్లో వేళ్ళు పెట్టి, నలిగిన తీగల్ని ఒక్కొక్కటే తడిమి చూసేది. ఒక్క మెలికైనా తగిలితే బాగుండుననిపించేది. వెంటనే భయమేసేది.

వాన పడుతున్న ఓ మధ్యాహ్నం బాగుచేస్తున్న మరమనిషి బల్ల మీద లేచి కూర్చుంది. కొత్త పలక ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అది లేనంతవరకూ విన్నదేదీ దానిలో నిలవదు.

"నిన్ను కొట్టినవాడు సన్నగా ఉన్నాడా?" అని ఆమె మెల్లగా అడిగింది.

"గుర్తు లేదమ్మా."

"ఎడమచేతివాటమా?"

"గుర్తు లేదమ్మా."

"మళ్ళీ అటే వెళ్తావా?"

"పంపితే వెళ్తానమ్మా."

ఆమె దాని మోకాళ్ళకు అంటిన కొండదారి ఎర్రమట్టి వైపు చూసింది. తుడిచి పంపాలన్నది షెడ్డు నియమం. గుడ్డ అందుకుని, తుడవకుండానే పక్కన పెట్టేసింది.

"వెళ్ళు," అంది. "నువ్వైనా వెళ్ళు."

పలక బిగించి, ఛాతీ మూసింది.