పొరకో మాట

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని, మొన్ననే కలిపి వాసెన కట్టిన మా ఇంటి కొత్తావకాయ జాడీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నేను బొంకితే ఆ జాడీకి బూజు పట్టుగాక. అంతకన్నా పెద్ద శాపం మా ఇంట్లో లేదు. ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, గజపతినగరంలో కిరాణా కొట్టు పెట్టుకున్న నాకు ఈ విషయంలో మంచి పేరు లేదు. వాన పడుతోందని నేను చెబితే, కొట్టుకొచ్చినవాళ్ళు బయటికి చెయ్యి చాపి చూసుకుంటేగాని నమ్మరు. ఇవాళ పొద్దున్న మా ఆవిడ అటక మీంచి ఈతచాప దించి, దులిపి, పెరట్లో ఎండలో పరిచింది. "ఈయేడు మొదటి పొర నీదే. ఏటి సెప్తావో ఆలోసించుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చాపలో ఇంకిపోయిన పాత మామిడిరసం వాసన ఎండ తగలగానే లేచింది. దానితోపాటు మూడేళ్ళ కిందటి వేసవీ లేచి కూర్చుంది.

ముందు మా అత్త గురించి చెప్పాలి. ఆవిడ నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకి అక్క, మా ఆవిడకి అమ్మ. మావయ్య పోయాక ఇద్దరు పిల్లల్నీ తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ పిల్లల్లో ఒకరిని నేను చేసుకున్నాను. రెండోవాడు మా బావ, వ్యవసాయమంతా అతనే చూస్తాడు. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, ఊరి చివర మెట్ట చెక్కా ఒకటే. ఆ మెట్టలో నాలుగు కోలంగోవ మామిడిచెట్లున్నాయి. అత్త వచ్చిన ఏడాది తన చేత్తో పాతినవి. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో ఆవకాయ, ఆ తరవాత వడియాలు, పెంకులు సర్దుకోవడం, విత్తనాలు ఎండబెట్టుకోవడం, వీటన్నిటినీ మించి తాండ్ర. పండు రసం తీసి, బెల్లం కలిపి, చాప మీద చేత్తో పలచగా పులమాలి. అది ఎండాక, మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా ముప్పై రోజులు. మూడేళ్ళ కిందట ఎండలెలా కాశాయంటే, మా వంటింటి గోడ మీద బల్లి నన్ను గొడుగు అడిగింది. పొద్దున్న వేసిన పొర మధ్యాహ్నానికల్లా తోలులా ఆరిపోయేది.

ఈ తాండ్రకి మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఇంట్లో వాళ్ళు రోజుకొకరు వంతుగా పొర వెయ్యాలి. వేస్తూ రాబోయే దసరాకి ఏం చెయ్యాలో ఒక మాట చెప్పాలి. ఎవరింటికి వెళ్ళాలి, పొందూరు పంచెలు ఎన్ని కొనాలి, గోడలకి ఏ రంగు వెయ్యాలి, ఇలాంటివి. పొర తడిగా ఉన్నంతసేపూ మాట వెనక్కి తీసుకోవచ్చు. ఎండి, దాని మీద ఇంకో పొర పడిందా, ఆ మాట ఇక అడుగుకి వెళ్ళిపోయినట్టే, మార్చడానికి లేదు. ఒక ఏడాది నేను పొర వేస్తూ వేళాకోళానికి ఇంటికి ఆకుపచ్చ రంగన్నాను. సాయంత్రం మర్చిపోయాను. మూడేళ్ళపాటు మా ఇల్లు చిలకలా ఉండేది.

ఆ వేసవి ఏడో పొర బావ వంతు. రసం పులుముతూ, తల ఎత్తకుండా, "దసరా ఎల్లాక ఆ నాలుగు సెట్లూ కొట్టించేసి సరుగుడేద్దాం. కాపు తగ్గిపోనాది" అన్నాడు. అత్త కాకుల్ని తోలుతున్న కర్ర కింద పెట్టి ఒకసారి చూసింది. మర్నాడు ఎనిమిదో పొర పడింది. మాట కిందకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నించే అత్త ఒక చేట మీద వేరే తాండ్ర మొదలుపెట్టింది. అందరూ తినే చాపకి దూరంగా, పొందూరు గుడ్డ కప్పి, తనే వేసుకునేది. దాని మీద మాటా మంతీ లేదు. ఎవరికత్తా అంటే వినిపించనట్టు గుడ్డ అంచులు సర్దుకునేది. చివరికి మా ఆవిడ పట్టుపట్టి అడిగితే, "దసరా ఎల్లాక నాను ఊరెల్తాను. అందుకు" అంది.

"ఏ వూరమ్మా?"

"ఎల్లినాక తెలుస్తాది."

ఇంక ఆ వానాకాలమంతా మా ఇంట్లో నాలుగు మెతుకులు తిన్నామంటే అది ఆ ఊరి పేరు నంజుకుని తిన్నదే. అమ్మ శ్రీకూర్మం మొక్కు తీర్చుకోవడానికి వెళ్తుందని మా ఆవిడ. తన మీద కోపం వచ్చి శాశ్వతంగా వెళ్ళిపోతుందేమోనని బావ. అతనికి అన్నం సహించేది కాదు. నేనైతే కొట్టుకొచ్చినవాళ్ళకి రోజుకో ఊరు చెప్పేవాణ్ణి. ఎండిన తాండ్ర ముక్కలు కోసి అత్త ఒక అల్యూమినియం డబ్బాలో పెట్టి, డబ్బాని తలగడ పక్కనే ఉంచుకుంది. ఒకసారి మూత మీద చెయ్యి వేశాను. కళ్ళు మూసుకునే, "అల్లుడా, సెయ్యి తియ్యి" అంది.

దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. బావ, "అమ్మా, నానొస్తాను" అన్నాడు. "నువ్వొద్దు. డబ్బా ఈడు మోస్తాడు" అని నన్ను చూపించింది. బస్సెక్కాం. దిగి, ఒక సందులో ఒక ఇంటి ముందు ఆగాం. వాకిట్లో మోటారు రంపం నూనె కారుతూ పడుంది. చెట్లు కొట్టే పనికి మేము ఫోనులో మాట్లాడుకున్న పెద్దమనిషి ఇల్లది.

అత్త కుశలం అడగలేదు. డబ్బా తెరిచి ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. అతను కొరికి, కాసేపు దవడ ఆడించి, "ఏ వూరి కాయమ్మా ఇది?" అన్నాడు.

"మా మెట్టలోవి. నువ్వు సోమారం కొట్టబోతన్న సెట్లవి."

అతని దవడ ఆగిపోయింది. "తినబెట్టినాక సెప్తావేటమ్మా? ముందు సెప్తే తినకపోదును."

"అందుకే సెప్పనేదు."

అతను ఆ ముక్కని మింగలేక, ఉమ్మలేక రంపం కేసి చూశాడు. తరవాత నెమ్మదిగా నమలడం మొదలుపెట్టి, "ఇంతకీ కొట్టమన్నదెవులు?" అన్నాడు.

"మా ఇంట్లోవోడే" అంది అత్త. ఇంకో ముక్క తీసి నాకిచ్చింది. "నువ్వూ తిను అల్లుడా. బరువు మోసినావు గదా."

"నాను రాను" అన్నాడతను చివరికి. "తిన్నాక రంపం ఎత్తనేను. ఇంకెవుల్నైనా సూసుకోండి."

"ఆళ్ళ దగ్గరికే ఎల్తన్నాం. ఇల్లెక్కడో సెప్పు."

ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు ఇంకో ఇద్దరే. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. ఒకాయన మనవరాలి కోసం ఇంకో ముక్క అడిగి మరీ తీసుకున్నాడు. ఇంటికొచ్చాక బావ వాళ్ళమ్మ చేతిలో సంచీ అందుకుని, ఆవిడ వచ్చేసినందుకే సంతోషించాడు. అత్త కట్టుబాటు ఎక్కడా తప్పలేదు. కొట్టించాలన్న మాట ఏడో పొరలో ఇప్పటికీ అలాగే ఉంది. కొట్టేవాళ్ళే లేరు.

ఇప్పుడు ఆవకాయ జాడీ సంగతి. అది పాడవకూడదు కాబట్టి చెప్పేస్తున్నాను. బల్లి గొడుగు అడగలేదు, అది మీకూ తెలుసు. నేను కల్పించింది వేరే ఉంది. ఏడో పొర బావ వంతు కాదు. ఆ రోజు అతను ఇంట్లోనే లేడు, గేదెకి జబ్బు చేస్తే పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళాడు. ఆ పొర వేసింది నేను. చెట్లు కొట్టించేద్దామన్న మాటా నాదే. దసరాకి అమ్మకి ఎలా మొహం చూపిస్తావని నాతో దెబ్బలాడినవాడు బావ. ఊరెళ్ళిపోతుందేమోనని అన్నం సహించనిది నాకు. ఆ రోజు పొర ఎండేదాకా చాప పక్కనే కూర్చున్నాను. ముట్టుకుంటే వేలికి అంటేంత తడి చాలాసేపు ఉంది. ఒక్క మాట చాలు వెనక్కి తీసుకోవడానికి. ఎందుకో నోరు రాలేదు. అత్త ఆ సంగతి ఈ మూడేళ్ళలో ఎప్పుడూ ఎత్తలేదు, ఆ వాకిట్లో నా చేతిలో పెట్టిన ముక్క తప్ప.

రసం గిన్నె నా ముందుకొచ్చింది. నాలుగు చెట్ల పళ్ళూ కలిపి తీసిన రసం. అరుగు మీంచి అత్త కర్ర ఆడిస్తూ, "ఏట్రా, ఆలోసించినావా?" అని అడుగుతోంది. ఆలోచిస్తున్నాను. మూడు వేసవులు ఒకదాని మీద ఒకటి ఎండిపోయాయి గాని, ఆనాటి ముక్క మాత్రం ఇంకా నా పంటికి అంటుకునే ఉంది.